మీకు తెలుసా? పత్తి చేను కట్టిన బడులు

నూరేళ్ల కిందట అమెరికా దక్షిణ రాష్ట్రాల పల్లెల్లో నల్లజాతి పిల్లల చదువు చాలాచోట్ల చర్చి గదిలోనో, కూలబోయే కొట్టంలోనో సాగేది. అలాంటి పల్లెల్లోనే ఇరవై ఏళ్లలో దాదాపు 5 వేల కొత్త బడులు లేచాయి. వాటికి రోజెన్‌వాల్డ్ బడులని పేరు. ఆ ముచ్చట్లు కొన్ని...

● ఈ పనికి పూనుకున్నది ఇద్దరు. బూకర్ టి. వాషింగ్టన్ బానిస బిడ్డగా పుట్టి, 1881 నుంచి అలబామాలోని టస్కీగీ విద్యాసంస్థను నడిపిన పంతులు. జూలియస్ రోజెన్‌వాల్డ్ పోస్టులో సరుకులు అమ్మి పేరుమోసిన షికాగో సంస్థ సియర్స్‌కు అధిపతి. జర్మనీ నుంచి వలసొచ్చిన యూదు దంపతుల కొడుకు. ఆయన హైస్కూలు చదువు మధ్యలోనే ఆగిపోయింది!

● 1912లో తన యాభయ్యో పుట్టినరోజుకు రోజెన్‌వాల్డ్ టస్కీగీకి 25 వేల డాలర్లు ఇచ్చారు. అందులో మిగిలిన 2,800 డాలర్లతో పల్లెబడులు కడతానని వాషింగ్టన్ అడిగితే, ఆయన సరేనన్నారు. అలా అలబామాలో మొదట ఆరు చిన్న బడులు వచ్చాయి.

● డబ్బు ఊరికే ఇవ్వలేదు. ఊరివాళ్లు తమ వాటా వేయాలి, ప్రభుత్వ విద్యాశాఖ తన వాటా ఇవ్వాలి, కట్టాక ఆ బడిని ప్రభుత్వ బడిగానే నడపాలి. అప్పుడే రోజెన్‌వాల్డ్ నిధి నుంచి సాయం అందేది.

● చేతిలో చిల్లిగవ్వ లేని కౌలు రైతులు వాటా ఎలా వేశారు? కొన్ని ఊళ్లలో పత్తి చేలో ఒక చెక్కను బడి కోసమని విడిచిపెట్టారు. ఆ చెక్కకు 'రోజెన్‌వాల్డ్ మడి' అని పేరు. దాని మీద పండిన పత్తి సొమ్ము బడిది. కొందరు స్థలం రాసిచ్చారు, కొందరు కలప కొట్టి తెచ్చారు. ఆడవాళ్లు కోళ్లు అమ్మారు, వంటలు చేసి విందులు పెట్టి చందాలు పోగుచేశారు.

● నిజానికి వాళ్లు బడి కోసం అప్పటికే పన్ను కట్టినవాళ్లు. ఆ పన్నులో సింహభాగం తెల్లవాళ్ల బడులకు పోయేది. అంటే తమ పిల్లల చదువుకు ఆ కుటుంబాలు రెండుసార్లు చెల్లించాయన్నమాట.

● ఈ బడుల గుర్తు వాటి కిటికీలే. ఆ పల్లెలకు కరెంటు లేదు కాబట్టి గోడ పొడవునా వరసగా ఎత్తైన కిటికీలు పెట్టేవారు. పిల్లల ఎడమవైపు నుంచి వెలుతురు పడేలా బల్లలు వేసేవారు. రాసే కుడిచేతి నీడ కాగితం మీద పడకూడదని! తొలి నమూనాలు గీసినవారిలో ఒకరు రాబర్ట్ ఆర్. టేలర్. ఎంఐటీ నుంచి పట్టా పొందిన మొదటి నల్లజాతీయుడు ఆయనే.

● 1932 నాటికి 15 రాష్ట్రాల్లో 4,977 బడులు, వాటితోపాటు టీచర్లకు ఇళ్లు, పనులు నేర్పే షెడ్లు లేచాయి. దక్షిణాది పల్లెల్లోని నల్లజాతి పిల్లల్లో సుమారు మూడోవంతు మందికి చోటిచ్చినవి ఇవే.

● రచయిత్రి మాయా ఏంజెలో, పౌరహక్కుల నాయకుడు జాన్ లూయిస్ ఇలాంటి బడుల్లో కూర్చున్నవాళ్లే.

● షికాగో ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు ఆర్థికవేత్తలు ఇద్దరు 2011లో దీని లెక్క తీశారు. రెండు ప్రపంచ యుద్ధాల నడుమ దక్షిణాది పల్లెల్లో నల్లజాతి, తెల్లజాతి పిల్లల చదువుల మధ్య తేడా బాగా తగ్గింది. ఆ తగ్గుదలలో దాదాపు 40 శాతం ఈ బడుల పుణ్యమేనని వారు తేల్చారు.

● జాతిని బట్టి బడులు విడదీయడం చెల్లదని 1954లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ తర్వాత ఈ బడులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. చాలావరకు కూలిపోయాయి. మిగిలినవాటిలో కొన్నింటిని పాత విద్యార్థులే పూనుకుని బాగుచేయించుకున్నారు.

● చివరగా ఖర్చు సంగతి. మొత్తం కట్టడాలకు అయింది సుమారు 2 కోట్ల 84 లక్షల డాలర్లు. అందులో ఎక్కువ భాగం ప్రజల పన్నుల నుంచే వచ్చింది. రోజెన్‌వాల్డ్ నిధి ఇచ్చింది సుమారు 43 లక్షలు. పత్తి మడులు, కోళ్లు, చందాలతో నల్లజాతి కుటుంబాలు కూడబెట్టి ఇచ్చింది సుమారు 47 లక్షలు!