తీగ లాగితే ఎంత డొంక?

ఊళ్లోని శాఖా గ్రంథాలయం లెక్కలన్నీ కంప్యూటర్‌కి ఎక్కించారనుకుందాం. సభ్యులకో టేబుల్, పుస్తకాలకో టేబుల్, ఎవరు ఏది తీసుకెళ్లారో రాసే ఇష్యూ టేబుల్ మరొకటి. ఇష్యూ టేబుల్లో సభ్యుడి పేరుండదు, నంబరుంటుంది. అదే ఫారిన్ కీ. అవతలి టేబుల్లో ఏ వరుసను చూడాలో చెప్పే ఆనవాలు. ఒక సభ్యుడు బదిలీ మీద వెళ్లిపోయాడు. అతని వరుస తీసేద్దామనుకున్నాం. ఆ నంబరు మోస్తున్న నలభై ఇష్యూ వరుసల గతేమిటి?

డేటాబేస్‌లతో మాట్లాడే భాష ఎస్‌క్యూఎల్. 1992 నాటి దాని ప్రమాణంలో దీనికి జవాబులున్నాయి. అవీ పోవాలంటే క్యాస్కేడ్. వరుసలుండి నంబరు గడి మాత్రం ఖాళీ కావాలంటే సెట్ నల్. ఏదీ చెప్పకపోతే సభ్యుణ్ణి తీయనివ్వదు డేటాబేస్.

చిక్కంతా దుబాసీతో వస్తుంది. ప్రోగ్రామర్ ఆబ్జెక్టుల భాషలో రాస్తే, దాన్ని టేబుళ్ల భాషలోకి మార్చే దుబాసీ ఓఆర్‌ఎం. దానికీ సొంతంగా ఒక క్యాస్కేడ్ ఉంది. పేరొకటే, పని జరిగే చోటు వేరు.

పైథాన్‌లోని జాంగోనే చూడండి. అందులో క్యాస్కేడ్ అని రాస్తే ఆ మాట డేటాబేస్ దాకా వెళ్లదు. జాంగోయే పిల్ల వరుసలను, అంటే ఇష్యూలను, వెతికి ముందు వాటిని, తర్వాత తల్లి వరుసను, అంటే సభ్యుణ్ణి తీస్తుంది. ఎవరైనా దాన్ని దాటవేసి నేరుగా డేటాబేస్‌లో డిలీట్ కొడితే ఎర్రరే ఎదురవుతుంది.

పైథాన్‌లోనే మరో ఓఆర్‌ఎం ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ. దాని తీరు ఇంకా గమ్మత్తు. డేటాబేస్‌లో క్యాస్కేడ్ పెట్టాం కదా అని మనం నిశ్చింతగా ఉంటాం. కానీ కోడ్‌లో టేబుళ్ల బంధాన్ని చెప్పే రిలేషన్‌షిప్ దగ్గర ఏమీ రాయకపోతే ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ ముందు నలభై వరుసల్లోనూ నంబరు గడిని ఖాళీ చేసి, ఆపైన సభ్యుణ్ణి తీస్తుంది. ఆనవాలే చెరిగిపోయాక డేటాబేస్ ఎవరిని పట్టుకుంటుంది? గడి ఖాళీగా ఉండొచ్చని ముందే ఒప్పుకుని ఉంటే, ఎవరివో తెలియని వరుసలు మిగిలిపోతాయి. పని డేటాబేస్‌కే వదలాలంటే రిలేషన్‌షిప్‌లో డిలీట్ క్యాస్కేడ్‌తోపాటు పాసివ్ డిలీట్స్ అనీ రాయాలి.

జావాలోని హైబర్నేట్‌తో ప్రమాదం వేరు. ఒక పుస్తకానికి ఇద్దరు రచయితలు. బంధానికి రెండువైపులా రిమూవ్ క్యాస్కేడ్ పెట్టారు. ఒక రచయితను తీస్తే పుస్తకం పోతుంది, దాంతో రెండో రచయిత, ఆయన మిగతా పుస్తకాలు కూడా. ఇలాంటి బంధాలకు ఆ అమరిక పెట్టకూడదన్నదే నా మాట.

ఇలాంటి చిక్కులు కొన్ని ల్యాప్‌టాప్‌లో పరీక్షించేటప్పుడు బయటపడకపోవచ్చు. అక్కడ వాడే చిన్న డేటాబేస్ ఎస్‌క్యూఎల్‌లైట్ అయితే, అది మామూలుగా ఫారిన్ కీలను పట్టించుకోదు. కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ ఆ కాపలాను ఆన్ చేయాలి.

2017 డిసెంబరులో వచ్చిన జాంగో 2.0 మంచి పని చేసింది. అంతకుముందు ఏమీ రాయకపోతే క్యాస్కేడ్ అనే అర్థం. ఆ వెర్షన్ నుంచి ప్రతి ఫారిన్ కీకీ ఏం జరగాలో ప్రోగ్రామరే రాయాలి. పాత కోడ్ దిద్దలేక విసుక్కున్నా, అడగకుండా చెరిపేయడంకంటే అది నయం.

మన గ్రంథాలయంలో నేనైతే జాంగోలోని ప్రొటెక్ట్ అనే అమరిక పెడతాను. ఇష్యూ వరుస ఒక్కటున్నా సభ్యుణ్ణి తీయడం కుదరదు. అతని పేరు పక్కన 'సభ్యత్వం ముగిసింది' అని రాస్తే చాలు. బదిలీ మీద వెళ్లినాయన ఇంకా తిరిగివ్వని నిఘంటువు ఎవరి దగ్గరుందో చెప్పేది ఆ నలభైలో ఒక వరుసే మరి.