ప్రక్రియ వైఫల్య విశ్లేషణ - నియంత్రణ ప్రణాళిక

ప్రక్రియ వైఫల్య విశ్లేషణ అనగా ఒక వస్తువును తయారుచేసే క్రమంలో ఏ దశలో ఏ తప్పు జరగవచ్చునో, అది ఎందుకు జరుగునో, దాని వలన ఎవరికి ఏ నష్టం కలుగునో ముందుగానే ఆలోచించి వ్రాసిపెట్టుకొనే పద్ధతి. పరిశ్రమలలో దీనిని పి.ఎఫ్.ఎం.ఇ.ఏ. అని వ్యవహరిస్తారు. నియంత్రణ ప్రణాళిక అనగా ఆ తప్పు జరగకుండా, జరిగినా కర్మాగారం గడప దాటకుండా, ఏ దశలో దేనిని, ఏ పరికరంతో, ఎంత తరచుగా, ఎవరు పరీక్షించాలో తెలిపే పత్రం. దీనికి కంట్రోల్ ప్లాన్ అని వాడుక పేరు. మొదటి పత్రం ప్రమాదం ఎక్కడున్నదో చెబుతుంది. రెండవది అక్కడ కాపలా ఎలా ఉండాలో చెబుతుంది. ఈ రెండింటికీ పొంతన కుదర్చడమే ఈ వ్యాసంలోని విషయం. ఉదాహరణలు నంద్యాల జిల్లాలోని నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల వృత్తుల నుండి తీసుకోబడినవి.

చరిత్ర

వైఫల్యాలను వరుసగా పేర్కొని విశ్లేషించే పద్ధతిని అమెరికా సైన్యం 1949లో ఒక అధికారిక విధానంగా రూపొందించింది. 1960లలో అపోలో చంద్రయాత్రల కార్యక్రమంలో నాసా దీనిని ఉపయోగించింది. 1970లలో ఫోర్డ్ సంస్థ ద్వారా మోటారు వాహనాల పరిశ్రమలోకి ప్రవేశించింది. 1993లో అమెరికా వాహన సంస్థలు ఉమ్మడిగా ఒక మార్గదర్శిని ప్రచురించాయి. 2019లో అమెరికా, జర్మనీ వాహన పరిశ్రమల సంఘాలు కలిసి కొత్త మార్గదర్శిని వెలువరించాయి. నియంత్రణ ప్రణాళికకు మాత్రమే ప్రత్యేకించిన మార్గదర్శి 2024లో వెలువడింది.

వాహన విడిభాగాల తయారీదారులకు వర్తించే ఐ.ఏ.టి.ఎఫ్. 16949 ప్రమాణం (2016) ప్రకారం ఈ రెండు పత్రాలూ తప్పనిసరి. ఆంధ్ర ప్రదేశ్‌లో పెనుకొండ వద్ద కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి ప్రారంభించింది. ఇటువంటి పరిశ్రమలలో పనిచేయగోరే పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ విద్యార్థులు ఈ పత్రాలను గురించి తెలుసుకొనుట అవసరం.

విశ్లేషణ విధానం

ప్రతి వైఫల్యానికి మూడు అంశాలపై 1 నుండి 10 వరకు అంకెలు వేస్తారు.

* తీవ్రత: తప్పు జరిగితే వాడుకరికి కలిగే నష్టం ఎంత పెద్దది.
* సంభవం: ఆ తప్పుకు కారణం ఎంత తరచుగా ఏర్పడుతుంది.
* గుర్తింపు: తప్పును పట్టుకొనుట ఎంత కష్టం. సులభంగా దొరికేదానికి చిన్న అంకె, దొరకనిదానికి పెద్ద అంకె.

పూర్వం ఈ మూడింటిని గుణించి ప్రమాద ప్రాధాన్య సంఖ్యను రాబట్టేవారు. దీని గరిష్ఠ విలువ 1000. అయితే ఇందులో ఒక చిక్కు ఉన్నది. తీవ్రత 10, సంభవం 2, గుర్తింపు 5 అయిన తప్పుకు వచ్చేది 100. తీవ్రత 5, సంభవం 4, గుర్తింపు 5 అయిన తప్పుకు వచ్చేదీ 100. మొదటిది ప్రాణాపాయం, రెండవది చికాకు. లెక్కలో మాత్రం రెండూ సమానం. అందువలన 2019 మార్గదర్శిలో గుణకారాన్ని విడిచి, తీవ్రతకు అగ్రస్థానమిచ్చి, చర్యల ప్రాధాన్యాన్ని ఎక్కువ, మధ్యమం, తక్కువ అని మూడు తరగతులుగా నిర్ణయించే పట్టికను ప్రవేశపెట్టారు.

ఆళ్లగడ్డ శిల్పం: ఒకే మనిషిలో రెండు పనులు

ఆళ్లగడ్డ రాతి శిల్పాలకు ప్రసిద్ధి చెందిన పట్టణం. ఇక్కడి శిల్పకళకు భౌగోళిక గుర్తింపు లభించింది. విగ్రహం చెక్కడంలో పెద్ద ప్రమాదం రాతి లోపల కంటికి కనిపించని పగులు. అది ముఖం తీర్చే దశలో బయటపడితే అంతవరకు చేసిన పనంతా వృథా. భిన్నమైన విగ్రహం ప్రతిష్ఠకు పనికిరాదు. అందుచేత శిల్పులు ఉలి పెట్టకముందే రాతిని తట్టి ధ్వని వింటారు. శిల్పశాస్త్ర గ్రంథాలు ధ్వనిని బట్టి రాళ్లను పురుష, స్త్రీ, నపుంసక శిలలుగా విభజించాయి.

ఆధునిక పరిభాషలో చెప్పాలంటే, పగులు అనేది వైఫల్యం, విగ్రహం భిన్నం కావడం పర్యవసానం, ధ్వని పరీక్ష నియంత్రణ. నష్టం తక్కువగా ఉండే మొదటి దశలోనే ఆ పరీక్ష ఉండుట గమనించదగినది. ఇక్కడ ప్రమాదం తెలిసినవాడూ, పరీక్షించేవాడూ ఒక్కడే. కాబట్టి పత్రాల అవసరం రాలేదు. కర్మాగారంలో విశ్లేషణ చేసేది ఇంజనీరు, కొలత తీసేది రాత్రి షిఫ్టు కార్మికుడు. ఇద్దరూ కలుసుకొనే అవకాశమే ఉండకపోవచ్చు. ఒకరికి తెలిసినది రెండవవారి చేతికి చేరడానికి పత్రాల మధ్య లంకె అవసరమైనది.

నంద్యాల ఉదాహరణ: పీవీసీ గొట్టాలు

పీవీసీ గొట్టాల తయారీలో నంద్యాలకు పేరున్నది. భాభా అణు పరిశోధనా కేంద్రంలో పనిచేసిన ఇంజనీరు ఎస్.పి.వై.రెడ్డి 1984లో ఇక్కడ నంది పైపుల పరిశ్రమను ప్రారంభించాడు. ఆయన 2004, 2009, 2014 ఎన్నికలలో నంద్యాల నుండి లోక్‌సభకు ఎన్నికై, 2019లో మరణించాడు. దిగువ ఉదాహరణ ఏ ఒక్క కర్మాగారానికీ సంబంధించినది కాదు. పీవీసీ గొట్టాల తయారీకి సాధారణంగా వర్తించేది.

పీవీసీ పొడిలో సున్నపురాతి పొడి, స్థిరీకరణ పదార్థాలు మొదలైనవి కలిపి, వేడిచేసే యంత్రంలో కరిగించి, అచ్చు గుండా బయటకు నెడతారు. వెలువడిన గొట్టాన్ని నీటితో చల్లబరుస్తూ లాగుడు యంత్రం ముందుకు లాగుతుంది. తరువాత ముద్ర వేసి, కోసి, ఒక చివర సాకెట్టు తీరుస్తారు. త్రాగునీటి పీవీసీ గొట్టాలకు భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 4985. ఇందులో నీటి పీడనం, దెబ్బకు ఓర్చుకొనుట, వేడికి కుదించుకొనుట మొదలైన పరీక్షలున్నవి.

ఈ ప్రక్రియలో ఒక వైఫల్యాన్ని పరిశీలించవచ్చు.

* దశ: గొట్టాన్ని లాగుట.
* వైఫల్యం: గోడ మందం తగ్గుట.
* కారణం: లాగుడు వేగం పెరుగుట, లేదా అచ్చు కేంద్రం తప్పుట.
* పర్యవసానం: పీడనానికి గొట్టం పగులుట.

ఈ ప్రాంతంలో నల్లరేగడి నేలలు విస్తారం. ఇవి తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకొని నెర్రెలు విచ్చుతాయి. అటువంటి నేలలో పూడ్చిన పలుచని గొట్టంపై లోపలి నీటి పీడనంతో పాటు నేల ఒత్తిడి కూడా పడుతుంది. పైరు పూతకు వచ్చిన సమయంలో గొట్టం పగిలితే, త్రవ్వి అతుకు వేసేలోగా పైరు ఎండుతుంది. కర్మాగారంలో ఒక గొట్టం ఖరీదుగా కనిపించిన నష్టం పొలంలో ఒక పంట ఖరీదు అవుతుంది. తీవ్రతకు అంకె వేసేటప్పుడు లెక్కించవలసినది ఈ రెండవ నష్టాన్ని.

అనుసంధాన సూత్రాలు

1. దశల సంఖ్యలు ఒకటే ఉండాలి. ప్రక్రియ క్రమచిత్రంలో లాగుడు 40వ దశ అయితే విశ్లేషణలోనూ, ప్రణాళికలోనూ అది 40వ దశగానే ఉండాలి.

2. వైఫల్యం వస్తువు లక్షణంగానూ, కారణం ప్రక్రియ లక్షణంగానూ ప్రణాళికలోకి రావాలి. పై ఉదాహరణలో గోడ మందం వస్తువు లక్షణం, లాగుడు వేగం ప్రక్రియ లక్షణం. మందం మాత్రమే కొలిస్తే తప్పు జరిగిన తరువాతనే తెలుస్తుంది. వేగాన్ని కూడా గమనిస్తే తప్పు జరగకముందే తెలుస్తుంది.

3. గుర్తింపు అంకెకు పరీక్ష తరచుదనంతో పొంతన ఉండాలి. గొట్టం నిమిషానికి 2 మీటర్ల చొప్పున వెలువడుతున్నదని అనుకుంటే గంటకు 120 మీటర్లు, అనగా 6 మీటర్ల గొట్టాలు 20 తయారవుతాయి. గంటకొకసారి కొలిచే చోట, కొలిచిన మరుక్షణం తప్పు మొదలైతే 20 గొట్టాలు లోపంతో తయారైన తరువాతనే అది బయటపడుతుంది. 15 నిమిషాలకొకసారి కొలిస్తే ఆ సంఖ్య 5. ప్రణాళికలో గంటకొక కొలత వ్రాసి, విశ్లేషణలో ప్రతి గొట్టమూ పరీక్షింపబడినట్లు చిన్న అంకె వేయుట తనను తాను మోసగించుకొనుటే.

4. తీవ్రత 9 లేక 10 ఉన్న లక్షణాలను ప్రత్యేక గుర్తుతో రెండు పత్రాలలోనూ చూపాలి.

5. తేడా కనిపించినప్పుడు చేయవలసిన పని స్పష్టంగా ఉండాలి. "పర్యవేక్షకునికి తెలుపవలెను" అనుట చాలదు. యంత్రాన్ని సరిచేయుటతో పాటు, చివరిసారి సరియైన కొలత వచ్చిన సమయం నుండి తయారైన గొట్టాలన్నింటినీ వేరుచేసి మళ్ళీ కొలవాలి.

6. ఫిర్యాదు వచ్చినప్పుడు విశ్లేషణను, దానిని బట్టి ప్రణాళికను, దానిని బట్టి యంత్రం వద్ద వ్రేలాడదీసిన పని సూచనలను వరుసగా సవరించాలి.

తరచుగా జరిగే పొరపాట్లు

* తనిఖీ అధికారులు వచ్చే ముందు రోజు రెండు పత్రాలను వేర్వేరు వ్యక్తులు వ్రాయుట.
* ఒక కర్మాగారం పత్రాన్ని పేరు మార్చి మరొక చోట ఉపయోగించుట.
* కారణం గడిలో "కార్మికుని నిర్లక్ష్యం" అని వ్రాయుట. నిర్లక్ష్యాన్ని కొలిచే పరికరం లేదు కనుక దానికి తగిన నియంత్రణను ప్రణాళికలో చూపలేరు. కార్మికుడు పొరపడడానికి వీలిచ్చిన పరిస్థితి ఏదో వెదకాలి.
* విశ్లేషణలో యంత్రం దగ్గర పనిచేసేవారిని చేర్చుకొనకపోవుట.

ఒక పత్రంలోని ఏ వరుసనైనా తీసుకొని రెండవ పత్రంలో దానికి జోడీ వెదకుట సరళమైన పరీక్ష. ప్రమాదానికి కాపలా లేకపోతే ప్రణాళికలో లోపమున్నట్లు. కాపలాకు ప్రమాదం కనిపించకపోతే ఆ పరీక్ష అనవసరమైనదైనా కావాలి, విశ్లేషణలో మరచిపోయిన వైఫల్యమైనా ఉండాలి.