కనుమ దాటే ముందు

నేపాల్‌లో అన్నపూర్ణ పర్వతాలను కాలినడకన చుట్టివచ్చేవారు 5,416 మీటర్ల ఎత్తునున్న థొరాంగ్ లా కనుమ దాటాలి. మన పిల్లలెవరైనా అలా బయలుదేరితే, సంచి సర్దకముందే రోజులు లెక్కవేసుకొమ్మని చెబుదాం. 3,000 మీటర్లు దాటాక రాత్రి బస రోజుకు 500 మీటర్లకు మించి పైకి జరపరాదు. మూడు నాలుగు రోజులకొకసారి ఆగాలి. అందుకే చాలామంది మనాంగ్ గ్రామంలో ఒకరోజు అదనంగా ఉంటారు. తలనొప్పితో వాంతులు వస్తే పైకెక్కరాదు. అడుగు తూలితే వెంటనే దిగాలి.

2014 అక్టోబరు 12న మన విశాఖను కుదిపిన హుద్‌హుద్ తుపాను, రెండు రోజులకే అక్కడ మంచుగా విరుచుకుపడి 40 మందికి పైగా ప్రాణాలు తీసింది. అందుచేత రెండు రోజులు ఖాళీగా ఉంచుకోవాలి. తిరుగు టిక్కెట్టు కోసం ఎవరూ కనుమ ఎక్కకూడదు. వెనుదిరిగి వచ్చిన బిడ్డను ఎగతాళి చేయక, తెలివిగా వచ్చావని మెచ్చుకుందాం.