చీర చూపించే అమ్మాయికీ ఓ కుర్చీ

శ్రావణమాసం చీరలు కొనడానికి షాపుకెళ్తే మీరు హాయిగా కూర్చుంటారు. ఒక్క చీర నచ్చేలోపు యాభై చీరలైనా విప్పిస్తారు. మరి వాటిని విప్పి, మళ్లీ మడతపెట్టే అమ్మాయి ఎక్కడ కూర్చుంటుందో ఎప్పుడైనా గమనించారా? చాలాచోట్ల ఆమెకు స్టూలు కూడా ఉండదు. ఉదయం వచ్చింది మొదలు రాత్రి షట్టరు దించేదాకా నిలబడే ఉంటుంది. కాళ్ల నొప్పులతో మా ఓపీకి వచ్చేవారిని ‘ఏం పని చేస్తారమ్మా?’ అని అడిగితే సగం జబ్బు అక్కడే తెలిసిపోతుంది.

నిలబడితే ఏమవుతుంది?

కాళ్లలోని రక్తం గుండెకు చేరాలంటే పైకి ఎక్కాలి. మనం నడిచినప్పుడు పిక్క కండరాలు బిగుసుకుంటూ, వదులవుతూ ఆ రక్తాన్ని పైకి నెడతాయి. అందుకే పిక్కను రెండో గుండె అంటాం. ఒకేచోట కదలకుండా నిలబడితే ఈ పంపు సరిగా పనిచేయదు. రక్తం కిందే నిలిచిపోయి సిరల మీద ఒత్తిడి పెరుగుతుంది. లోపలి కవాటాలు బలహీనపడి సిరలు ఉబ్బి, మెలికలు తిరుగుతాయి. ఇవే వేరికోస్ వీన్స్. పట్టించుకోకపోతే చీలమండ దగ్గర చర్మం నల్లబడి, మానని పుండ్లు పడొచ్చు.

దీనికి తోడు టాయిలెట్ బాధ. వెళ్లే వీల్లేక చాలామంది నీళ్లు తాగడమే మానేస్తారు. దాంతో మూత్రంలో ఇన్‌ఫెక్షన్లు, కిడ్నీలో రాళ్ల ముప్పు పెరుగుతాయి.

కలిసి అడిగారు, సాధించారు

నిలబడి పనిచేసేవారికి అవకాశం దొరికినప్పుడు కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. దుకాణాలు మాత్రం దాని పరిధిలోకి రాలేదు. ఆ లోటు పూడ్చడానికి పోరాడింది కేరళ సేల్స్ ఉమెన్. కోజికోడ్ మిఠాయి తెరువులో టైలరుగా పనిచేసిన పి.విజి ‘పెణ్‌కూట్టు’ పేరుతో మహిళలను కూడగట్టారు. మొదట టాయిలెట్ల కోసం, తర్వాత కూర్చునే హక్కు కోసం పోరాడారు. అసంఘటిత కార్మికులకు యూనియన్ పెట్టారు. త్రిస్సూర్‌లో ఓ బట్టల షోరూం మహిళలు 2014 చివర్లో ‘కూర్చునే సమ్మె’కు దిగి, వంద రోజులకు పైగా కొనసాగించారు. చివరకు 2018లో కేరళ తన దుకాణాల చట్టాన్ని సవరించి సిబ్బందికి సీటు తప్పనిసరి చేసింది. 2021లో తమిళనాడు కూడా అదే బాట పట్టింది.

ఒక్కరే అడిగి ఉంటే ఉద్యోగం పోయేదేమో. మేం రాసే మాత్రలు నొప్పిని తగ్గిస్తాయి గానీ, నొప్పికి కారణాన్ని తీసేసింది మాత్రం వాళ్ల ఐక్యతే.

నిలబడి పనిచేసేవారు ఇలా చేయండి

* అరగంటకోసారి మడమలు 15-20 సార్లు ఎత్తి దించండి. వీలైతే నాలుగడుగులు వేయండి.
* ఒక కాలు చిన్న పీట మీద పెట్టి, కాళ్లు మార్చుకుంటూ నిలబడండి.
* ఇంటికొచ్చాక పడుకుని కాళ్ల కింద దిండ్లు పెట్టి, గుండె కన్నా ఎత్తులో 15 నిమిషాలు ఉంచండి.
* నీళ్లు తాగండి. మూత్రం ఆపుకోవద్దు.
* బిగుతు మేజోళ్లు డాక్టరు చూశాకే వాడండి. కాళ్లకు రక్తసరఫరా తక్కువగా ఉన్నవారికి అవి హాని చేస్తాయి.
* ఒక్క కాలే హఠాత్తుగా వాచి నొప్పి పుడితే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఆయాసం, ఛాతీనొప్పి కూడా ఉంటే క్షణం ఆలస్యం వద్దు.

మీరు చేయగలిగింది

సీటు ఉన్నా, కస్టమరు ముందు కూర్చుంటే బాగోదని ఆ అమ్మాయి నిలబడే ఉంటుంది. ‘కూర్చునే చూపించమ్మా’ అని మీరే అనండి. బిల్లు కట్టేటప్పుడు ‘మీ స్టాఫ్‌కు స్టూళ్లు వేయించండి’ అని యజమానికి చెప్పండి. డబ్బులిచ్చే కస్టమరు మాటను ఏ షాపువాళ్లూ తేలిగ్గా తీసుకోరు. మీదే షాపు అయితే ఎవరూ అడగకముందే వేయించండి. అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌కు కుర్చీ, టాయిలెట్ ఉన్నాయో లేదో కూడా ఈ వారమే చూడండి.