ఎండకు మారే లోహం

వేసవిలో దేవరకొండలో పాదరసం 40 డిగ్రీల సెంటీగ్రేడు దాటడం వింతేమీ కాదు. కోటరాళ్ళు కాలిపోతాయి, ఇంట్లో రాగిబిందె కూడా వెచ్చబడుతుంది. ఆ ఎండకు రాగి లోపల ఏమైనా మారుతుందా? దాదాపు ఏమీ మారదు. కాని శుద్ధమైన క్రోమియం ముక్కను అదే ఎండలో ఉంచితే, దాని అంతరంగమే మారిపోతుంది!

ఎలాగంటారా? లోహంలో అసంఖ్యాకంగా ఎలెక్ట్రానులు తిరుగుతుంటాయి. ఒక నెలవులో ఒక్కటే ఉండాలని ప్రకృతి నియమం. గాదెలో ధాన్యం అడుగునుంచి నిండినట్లు, తక్కువ శక్తి గల నెలవులు ముందు నిండుతాయి. నిండినవాటికీ ఖాళీవాటికీ నడుమనున్న హద్దే ఫెర్మి తలం. ఇటలీ శాస్త్రజ్ఞుడు ఎన్రికో ఫెర్మి పేర దానికా పేరు వచ్చింది. ఇది లోహం పైన కంటికి కనిపించే తలం కాదు; ఎలెక్ట్రానుల వేగాలనూ దిశలనూ గుర్తించే పటంలోని హద్దు. విద్యుత్తును మోసేవి ఈ హద్దు దగ్గరి ఎలెక్ట్రానులే.

రాగిలో ఈ హద్దును కలతపెట్టాలంటే సుమారు 80,000 డిగ్రీల వేడి కావాలి. దాని ముందు మన ఎండ ఏపాటిది?

కంటికి కనిపించని ఈ హద్దు జాడ తెలిపింది అయస్కాంతం. 1930లో హాలెండులోని లైడెన్‌లో డి హాస్, వాన్ ఆల్ఫెన్ అనే ఇద్దరు, బాగా చల్లబరచిన బిస్మత్ లోహాన్ని అయస్కాంత క్షేత్రంలో పరీక్షించారు. క్షేత్రం పెంచుతున్నకొద్దీ లోహపు అయస్కాంత గుణం ఊయలలా పెరుగుతూ తరుగుతూ వచ్చింది. ఆ ఊపులనుబట్టి ఫెర్మి తలం కొలతలు తీయవచ్చునని 1952లో ఆన్సాగర్ చూపాడు.

ఇక క్రోమియం సంగతి. దాని ఫెర్మి తలంలో రెండు భాగాలు ఇంచుమించు ఒకే ఆకారంలో ఉంటాయి. ఒకదానిని జరిపితే రెండవదానిపై సరిపోతుంది. సుమారు 38 డిగ్రీలకు దిగువన ఈ రెండు భాగాల ఎలెక్ట్రానులు జతకూడుతాయి, ఆమేరకు తలం మాయమవుతుంది. వాటి సూక్ష్మ అయస్కాంతాలు ఎదురెదురుగా అలల్లా అమరి ఒకదానినొకటి రద్దుచేసుకుంటాయి. అందుకే బయటికి ఆకర్షణ కనిపించదు. విద్యుత్తుకు అడ్డు మాత్రం అక్కడ కాస్త పెరుగుతుంది. ఈ జతకూడటాన్ని 1962లో లోమర్ వివరించాడు.

ఒత్తిడి ప్రభావం ఇంకా చిత్రం. లోహాన్ని నొక్కితే పరమాణువులు దగ్గరై తలం ఆకారం మారుతుంది. వేయి వాతావరణాల ఒత్తిడికి క్రోమియం హద్దు సుమారు 5 డిగ్రీలు దిగిపోతుంది. అప్పుడు సుమారు 33 డిగ్రీల వద్దనే ఆ అమరిక చెదురుతుంది.

లోహం కరగనూలేదు, రంగు మారనూలేదు. అయినా మే నెలలో దేవరకొండ మధ్యాహ్నపు ఎండలో ఒక తీరు, పొద్దుగూకి చల్లబడ్డాక మరొక తీరు!