చీకటిపెట్టెలో దొంగవెలుగు

సముద్రము మంచుదుప్పటివలె నిశ్చలముగా పరచుకొనియున్న ఛాయాచిత్రములను పాఠకులు చూచియే యుందురు. కెరటములు ఆగినవి కావు. షట్టరును నిమిషములకొలది తెరచియుంచుటచే ఒకదానిలో నొకటి కలసిపోయినవి. పట్టపగలు అంతసేపు తెరచియుంచిన ఫిల్ము పాడుగాదా యన్న సందేహము విద్యార్థులకు సహజము. అందులకే కటకమునకు ముందు నల్లని గాజు ఫిల్టరు తొడుగుదురు. వేయి పాళ్ల వెలుగులో ఒక పాలు మాత్రమే లోనికి పోనిచ్చు ఫిల్టరైనచో, పావు సెకను పనికి 250 సెకనులు పట్టును.

చిక్కంతయు ఇచ్చటనే యున్నది. ఫిల్టరు కటకమునకే కావలి, కెమెరా గోడలకు కాదు. పెట్టె అతుకులో సూదిబెజ్జ మున్నచో, దానిగుండ చొరబడు ఎండ ఏమాత్రమును తగ్గదు; ఫిల్ముపై పడు వ్యవధి మాత్రము వేయిరెట్లగును. పావు సెకనులో జాడ తెలియని ఆ వెలుగే నెగెటివుపై నల్లని చారయై, ముద్రించిన చిత్రమున తెల్లగా తేలును. తోలుతిత్తిగల మడత కెమెరాల పాట్లు మరియు నెక్కువ. వానియందు షట్టరు కటకముననే యుండుటచే, అది మూసియున్నను తిత్తిబెజ్జపు వెలుగు ఫిల్మును చేరుచునే యుండును.

మధ్యతరహా కెమెరాలలో వాడు 120 రకపు ఫిల్మును కొడాక్ సంస్థ 1901లో తెచ్చినది. దీనికి డబ్బా లేదు. కూడ చుట్టిన కాగితమే కవచము. దానిపై అంకెలు చూచుటకై పాత కెమెరాల వెనుక ఎర్రని గవాక్షముండెడిది. ఆనాటి ఫిల్మునకు ఎరుపు సోకదు గనుక అది నిరపాయము. అన్ని రంగులకు స్పందించు పాంక్రోమాటిక్ ఫిల్ము వచ్చిన పిదప ఆ కావలివాడే దొంగకు తలుపు తీయసాగెను! దానిపై నల్లని పట్టీ అంటించుట మేలు.

చార జన్మస్థానమును నెగెటివే చెప్పును. చిత్రపు హద్దు దాటి ఫిల్ము అంచులకు ప్రాకినచో, వెనుక మూతనో, వదులుగా చుట్టిన చుట్టనో అనుమానింపవలెను. హద్దుకడనే ఆగినచో దోషము ముందుభాగమున నున్నది. కటకము బొమ్మను తలక్రిందులు చేయును, చారను చేయదు. కావున చిత్రమున కుడివైపు కనబడు చార, వెనుకనుండి చూచువారికి కెమెరా ఎడమప్రక్కన ప్రవేశించినదే.

ఫిల్ము నింపుట నీడలో జరుగవలెను. షట్టరు తెరచియున్నంతసేపు కెమెరాపై కటకము మినహా నల్లగుడ్డ కప్పవలెను. అనుమానము తీరనిచో, కటకమునకు మూత బిగించి, షట్టరు తెరచి, అంతే కాలము ఎండలో నుంచి చూడవచ్చును. చతురస్రపు చిత్రములు పండ్రెండు వచ్చు చుట్టలో ఇందులకు ఒకటి ఖర్చగును.