ఒక్క కాపీ అయినా ప్రింట్ చేస్తారు: తెలుగు పుస్తకానికి ప్రింట్ ఆన్ డిమాండ్ పనికొస్తుందా?

కార్తీక మాసంలో కారంపూడి తిరునాళ్లకి వెళ్తే పల్నాటి వీరుల కథ పాడటం వినే ఉంటారు. ఆ పాటను రికార్డ్ చేసి, ఇంగ్లీషులోకి మార్చి జీన్ రోఘైర్ అనే పరిశోధకుడు 1982లో పుస్తకంగా తెచ్చారు. వేసింది ఎవరో తెలుసా? ఆక్స్‌ఫర్డ్ ప్రెస్సు!

ఇప్పుడు అలాంటి పుస్తకం వేయడానికి అంత దూరం వెళ్లక్కర్లేదు. ఫోన్లో రికార్డ్ చేసిన అమ్మమ్మ కథలైనా, తాతయ్య నోటుబుక్ అయినా, మీ సొంత నవలైనా నరసరావుపేటలో మీ ల్యాప్‌టాప్ ముందు కూర్చునే పుస్తకం చేయొచ్చు.

ఎలా పనిచేస్తుంది?

ఆఫ్‌సెట్ ప్రెస్సులో ముందు ప్లేట్లు చేయాలి. ఆ ఖర్చు పది కాపీలకైనా వెయ్యి కాపీలకైనా ఒకటే. అందుకే వందల్లో వేయించమంటారు. అమ్ముడుపోనివి మంచం కింద అట్టపెట్టెల్లో ఉండిపోతాయి. ప్రింట్ ఆన్ డిమాండ్‌లో ప్లేట్లు ఉండవు. మీ పీడీఎఫ్ సర్వర్‌లో ఉంటుంది, ఆర్డర్ వచ్చాకే డిజిటల్ మిషన్ మీద ప్రింట్ అవుతుంది. మన దగ్గర బెంగళూరు పోతి డాట్ కామ్, చెన్నై నోషన్ ప్రెస్ ఇలాంటి సేవలే.

తెలుగుకి అసలు చిక్కు

2016 డిసెంబర్‌లో అమెజాన్ కిండిల్‌లో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు మొదలుపెట్టింది. ఆ లిస్టులో తెలుగు లేదు. ప్రింట్ పుస్తకానికి ఈ ఇబ్బంది తక్కువ. ఫాంట్ ఎంబెడ్ చేసిన పీడీఎఫ్ ఇస్తే లోపల ఏ భాష ఉందన్నది మిషన్‌కి అనవసరం.

కానీ ఆ పీడీఎఫ్ చేయడంలోనే చాలామంది దెబ్బతింటారు. డీటీపీ సెంటర్లో అను ఫాంట్స్‌తో చేసిన ఫైల్ యూనికోడ్ కాదు. కాపీ చేసి వేరేచోట పెడితే గజిబిజి అక్షరాలొస్తాయి. కాబట్టి మొదటి నుంచీ యూనికోడ్‌లోనే టైప్ చేయండి. ఫోన్లో జీబోర్డ్ చాలు. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, నోటో సెరిఫ్ తెలుగు ఉచితం. పీడీఎఫ్ అయ్యాక వత్తులు విడిపోయాయేమో ప్రతి పేజీ చూడండి. కవర్ వెన్ను వెడల్పు పేజీల సంఖ్యను బట్టి మారుతుంది, అందుకే కవర్ చివర్లో చేయండి.

డబ్బు లెక్క

కాపీకి ఖర్చు ఆఫ్‌సెట్ కంటే ఎక్కువే. పుస్తకం ధర 250 రూపాయలు, ప్రింటింగ్ 150, సైట్ వాటా 50 అనుకుందాం. మీకు మిగిలేది 50. ఇవి ఉదాహరణకి వేసుకున్న అంకెలే, అసలు రేట్లు ఆయా సైట్ల కాలిక్యులేటర్లో చూసుకోండి. ఐఎస్‌బీఎన్ నంబర్ మాత్రం మన దేశంలో ఉచితం. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఆన్‌లైన్లోనే ఇస్తుంది. దానికోసం ఎవరైనా డబ్బులడిగితే ఒక్క క్షణం ఆగండి.

మా మాట

వెయ్యి కాపీలు అమ్ముడుపోతాయని నమ్మకం ఉంటే ఆఫ్‌సెట్ ప్రెస్సుకే వెళ్లండి. ఇంట్లోవాళ్లకి ఇరవై కాపీలు చాలు, లేదా ఎవరు కొంటారో తెలీదు అంటే ప్రింట్ ఆన్ డిమాండ్ బెస్ట్. ముందు ఒక్క కాపీ తెప్పించి, తప్పులు దిద్దాకే అమ్మకానికి పెట్టండి. కథ తెలిసినవాళ్లు మనింట్లో ఉన్నప్పుడే రికార్డ్ బటన్ నొక్కండి. పుస్తకం ఎప్పుడైనా వేయొచ్చు, ఆ గొంతు మళ్లీ దొరకదు.